తాత రూపాయికి పది లక్షలా?

ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు మీ దగ్గరుందా? అయితే మీరు లక్షాధికారి! వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళ ఉందా? పది లక్షలు! నోటు నంబరులో 786 ఉందా? ఇక చెప్పేదేముంది, ఇల్లు కట్టేసుకోవచ్చు!

ఇలాంటి వీడియో ఒక్కటైనా రాని ఫోను ఈ రోజుల్లో అరుదు. అది చూశాక ఎవరైనా చేసే మొదటి పని బీరువా తెరవడం. చీరల కింద దాచిన చిల్లర డబ్బా, నానమ్మ ట్రంకుపెట్టె అడుగున గుడ్డపీలికలో కట్టిన మూట, దేవుడి గూట్లో కుంకుమ అంటుకుపోయిన రాగి బిళ్ళలు... అన్నీ మంచం మీదికి చేరతాయి. పిల్లలు ఫొటోలు తీస్తారు. అంతవరకూ సరదాగానే ఉంటుంది. ఆ ఫొటోలను వీడియోలో కనిపించిన నంబరుకు పంపడంతోనే అసలు గొడవ మొదలవుతుంది.

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్ళే దారిలో ఉన్న పెనుబల్లి లాంటి ఊళ్ళలో పాత నాణేల మూట దొరికిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఒకప్పుడు ఇది నిజాం రాజ్యపు అంచు. తిరువూరు వైపు వెళితే బ్రిటిష్ వాళ్ళ కృష్ణా జిల్లా. గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం కూడా ఇంగ్లిషు ఏలుబడిలోదే. అది ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అందుకే ఈ సరిహద్దు జనానికి రెండు రకాల రూపాయలతోనూ పని పడేది. ఒకటి నిజాం టంకశాల నుంచి వచ్చిన ‘హాలీ’ రూపాయి, రెండోది ఆంగ్లేయుల ‘కల్దార్’ రూపాయి. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. ఆ రోజుల్లో మిగిలిపోయిన ఒకటో రెండో ఈనాటికీ పెట్టెల్లో ఉంటాయి. వాటికి విలువ ఉంది కూడా. కాకపోతే ఫోన్‌లో చెప్పే విలువ వేరు, బజార్లో పలికే విలువ వేరు.

రాసినంత మాత్రాన ధరేనా?

ఇంటర్నెట్ అమ్మకాల పేజీలు తెరిస్తే కళ్ళు తిరుగుతాయి. ‘అత్యంత అరుదైన నాణెం, దేశంలో ఒకే ఒక్కటి, ధర 15 లక్షలు’ అని ఒకాయన పెడతాడు. కాస్త కిందికి జరిపితే అలాంటి ‘ఒకే ఒక్కటి’లు డజను కనిపిస్తాయి! ఒకటి మూడు లక్షలు, ఇంకొకటి తొమ్మిది లక్షలు, మరొకటి అరవై వేలు. బొమ్మ ఒకటే, సంవత్సరం ఒకటే. తేడా ఎక్కడుందయ్యా అంటే పెట్టినవాడి ఆశలో ఉంది.

వేలంపాట అంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. హైదరాబాద్ బాలాపూర్ గణేశుడి లడ్డూనే చూడండి. 1994లో మొదటిసారి పాట పెడితే 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల పైచిలుకు పలికింది. ఎవరికెంత వింతగా అనిపించినా అది నిజమైన ధరే. ఎందుకంటే జనం మధ్య నిలబడి పోటీపడి పాడినవాడు ఉన్నాడు, డబ్బు కట్టి లడ్డూ ఎత్తుకుపోయినవాడు ఉన్నాడు. నాణెం పేజీలో 15 లక్షలు రాసినవాడు మాత్రం తన పాట తానే పాడుకుంటున్నాడు. రెండో గొంతు లేదు. ఆ నాణెం మూడేళ్ళ నుంచీ అక్కడే పడి ఉన్నా అడిగేవాడు లేడన్న సంగతి కొత్తగా చూసినవాళ్ళకు తెలియదు. పైగా ఆ అంకె చూసి, ‘వాడే పదిహేను అడుగుతుంటే మనం పన్నెండైనా అడగొద్దా’ అని మరొకరు పెడతారు. ఇలా ఒకరిని చూసి ఒకరు పెంచుకుంటూ పోతారు. చివరికి ‘మార్కెట్ రేటు’ అనే పేరు కూడా వచ్చేస్తుంది.

ఈ జబ్బు మన నాణేలకే పరిమితం కాదు. ఇంటర్నెట్ వేలాలకు దారి చూపిన ఈబే 1995లో అమెరికాలో పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన పియరీ ఒమిడ్యార్ మొట్టమొదట అమ్మిన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. పోయింది 14 డాలర్ల 83 సెంట్లకు. పాడైందని ముందే చెప్పినా కొన్నవాడున్నాడు. అక్కడితో మొదలైన సంతలో ఇప్పుడు ఎక్కువగా తిరిగే సరుకుల్లో బొమ్మ రైళ్ళు ఒకటి. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ రైళ్ళు కావు. జర్మనీలో 1859లో మొదలైన మార్క్లిన్, ఇంగ్లండ్‌లో 1920 నుంచి రైళ్ళు చేసిన హార్న్‌బీ లాంటి కంపెనీలవి. అసలు రైలును కొలత తప్పకుండా 87వ వంతుకో, 76వ వంతుకో తగ్గించి చేసినవి. వీటికోసం ప్రాణం పెట్టే పెద్దమనుషులు దేశదేశాల్లో ఉన్నారు.

వాళ్ళను బుట్టలో వేసేందుకూ ఇవే మాటలు. వేలకొద్దీ తయారైన ఇంజనుకు ‘అరుదైనది’ అని పేరు. ఒక ఇంజను, ఇంకో ఇంజను తాలూకు డబ్బా కలిపి ‘ఒరిజినల్ పెట్టెతో సహా’ అని ప్రకటన. కొత్తగా రంగు పూసినదానికి ‘ఏమాత్రం చెక్కుచెదరనిది’ అనే కితాబు. ‘నడిపి చూడలేదు’ అని రాశారంటే నడవదని అర్థం చేసుకోవాలి. అయితే అక్కడి ముదుర్లు ఒక చిట్కా పట్టుకున్నారు. అమ్మకానికి పెట్టినవాటి ధర వాళ్ళు చూడరు. అదే పేజీలో ‘అమ్ముడైనవి’ మాత్రమే చూపించే మీట ఒకటుంది, అది నొక్కుతారు. వంద అడుగుతున్న ఇంజను పోయిన నెలలో పాతికకు పోయిందని అప్పుడు బయటపడుతుంది. మన నాణేల విషయంలో ఆ మీట నొక్కేవాళ్ళు తక్కువ. చాలా అమ్మకాల పేజీల్లో అసలు ఆ మీటే ఉండదు.

నక్షత్రం గుర్తు, 1343

మన దగ్గర ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే బోల్తాలు కొన్నింటిని చూస్తే నవ్వొస్తుంది. ‘నక్షత్రం గుర్తు ఉన్న అరుదైన నాణెం’ అనేది ఒకటి. నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉందంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైందని అర్థం. అంతే! వజ్రం ఆకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. తెలుగువాళ్ళ జేబుల్లో ఉన్న చిల్లరలో నక్షత్రం నాణేలు వెతికితే గుప్పెడు దొరుకుతాయి.

వైష్ణోదేవి నాణెం కథా అంతే. ఆలయ బోర్డు పాతికేళ్ళ సందర్భంగా 2012 సంవత్సరంతో ఐదు, పది రూపాయల నాణేలు వచ్చాయి. బ్యాంకుల ద్వారానే జనంలోకి వచ్చాయి. సేకరించేవాళ్ళు ముఖవిలువ కన్నా కాస్త ఎక్కువ ఇస్తే ఇవ్వొచ్చుగానీ లక్షలు ఎవరిస్తారు? ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటు వెనక దశాబ్దాలపాటు ఉంది. అరిగి, చిరిగి, గమ్ముతో అంటించిన ఆ నోట్లు కిరాణా కొట్టువాడు వద్దంటుంటే జనం బలవంతంగా అంటగట్టిన రోజులు అందరికీ గుర్తే.

మరీ విడ్డూరం మన నిజాం రూపాయిది. చార్మినార్ బొమ్మ ఉన్న ఆ నాణెం మీద అరబ్బీ అంకెల్లో 1343 అని ఉందనుకోండి. ‘ఏడువందల ఏళ్ళ నాటి నాణెం’ అంటూ ప్రకటన తయారు! అది క్రీస్తుశకం కాదు, హిజ్రీ. 1343 అంటే మన లెక్కలో 1924-25. ఆఖరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలం. చార్మినార్ ద్వారం మధ్యలో సన్నగా ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది, ‘మీమ్’ ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్‌ది. ఊళ్ళో ఉర్దూ చదవడం వచ్చిన పెద్దాయనకు చూపిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఏడువందల ఏళ్ళ కిందట చార్మినార్ ఎక్కడిది? అది కట్టిందే 1591లో కదా!

రాముడి పేరుతో...

ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో ఇంకో రకం మోసం బాగా పనిచేస్తుంది. దానికి కారణం రామదాసు కథ. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న ప్రభుత్వ సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించడం, తానీషా ఆయన్ని గోల్కొండ చెరలో పెట్టడం, రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మాడలు చెల్లించి రసీదు తీసుకోవడం ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ రామమాడల్లో రెండు ఆలయంలో ఉన్నాయని చెబుతారు. అలాంటి చోట ఒక బిళ్ళ మీద శ్రీరామ పట్టాభిషేకం కనిపిస్తే చేతులు వాటంతటవే జోడిస్తాయి. బేరగాడికి కావలసింది కూడా అదే.

బిళ్ళకు ఒకవైపు పట్టాభిషేకం ఉంటుంది. రెండోవైపు ‘ఈస్టిండియా కంపెనీ, అర్ధణా’, సంవత్సరం 1616 అనో 1818 అనో ఉంటుంది. ఇంటర్నెట్లో దీని ధర లక్షల నుంచి కోట్ల దాకా. నిజానికి కంపెనీ రాముడి బొమ్మతో అర్ధణా ముద్రించనే లేదు. దేశమంతటికీ ఒకే తీరు నాణేలు వచ్చింది 1835 చట్టంతో. 1616 నాటికి ఆ కంపెనీ సూరత్‌లో కొట్టు పెట్టుకున్న వర్తకుల గుంపు మాత్రమే. పట్టాభిషేకం బొమ్మతో భక్తులు పూజకు కొనుక్కునే బిళ్ళలు వేరే ఉన్నాయి, వాటిని రామటంకాలంటారు. పూజలో పెట్టుకోవడానికి అవి పవిత్రమైనవే. అయితే వాటి తరహాలో ఇత్తడి బిళ్ళ పోతపోసి కంపెనీ పేరు చెక్కితే అది చరిత్ర అయిపోదు.

ఇదే బిళ్ళను ‘బియ్యాన్ని లాగుతుంది’ అని చెప్పి అమ్మేవాళ్ళు మరో మెట్టు పైన ఉంటారు. ‘రైస్ పుల్లింగ్’ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు ఎన్ని ముఠాలను పట్టుకున్నారో! బియ్యానికి ఇనుప రజను పట్టించి, చెంబులోనో బిళ్ళ కిందో అయస్కాంతం దాస్తే గింజలు గెంతకేం చేస్తాయి? ఇరిడియం అనీ, విదేశీ అంతరిక్ష సంస్థ కోట్లకు కొంటుందనీ చెప్పి, ‘పరీక్ష చేయించే ఖర్చు’ పేరుతో లక్షలు గుంజుతారు.

రుసుము దగ్గర ఆగండి

మళ్ళీ మన ఐదు రూపాయల నోటు దగ్గరికి వద్దాం. ఫొటో పంపిన పది నిమిషాలకే అవతలి నుంచి ఫోన్. మర్యాదగా, ‘సార్, మీ నోటు ఎనిమిది లక్షలకు సెలెక్ట్ అయ్యింది’ అంటాడు. బేరమాడడు, నోటు చూపించమనడు. నిజంగా కొనేవాడు ఎక్కడైనా అలా ఉంటాడా? పశువుల సంతలో ఎడ్లను కొనేవాడు కూడా పళ్ళు పట్టి చూశాకే ధర చెబుతాడు. ఇతను మాత్రం సరుకు ముట్టుకోకుండానే ఎనిమిది లక్షలంటాడు. తర్వాత, ‘రిజిస్ట్రేషన్‌కు ఒక వెయ్యి కట్టండి’ అంటాడు. వెయ్యేగా అని కడతారు. మర్నాడు జీఎస్టీ. ఆ తర్వాత ఇన్సూరెన్స్. ఆపైన రిజర్వు బ్యాంకు అనుమతి పత్రం, దానికో పాతికవేలు. మధ్యలో అశోకచక్రం, గుండ్రటి సీలు ఉన్న ఉత్తరం ఒకటి ఫోన్‌కు వస్తుంది. నోట్ల కట్టలు నింపిన పెట్టె ఫొటో కూడా వస్తుంది. ‘మా బండి బయల్దేరింది, మీ ఊరి పొలిమేరలో ఉంది’ అంటాడు. ఇక కట్టనంటే స్వరం మారుతుంది. ‘పాత నోటు దాచినందుకు మీ మీదే కేసు’ అని బెదిరిస్తాడు. ఐదు రూపాయల నోటు దాచుకోవడం నేరమెలా అవుతుందని ఆ కంగారులో ఎవరూ అడగరు.

ఇలా పోయే డబ్బు ఎక్కడిది? మిర్చి అమ్మగా వచ్చిందో, పామాయిల్ గెలల తాలూకుదో, డ్వాక్రా సంఘంలో తీసుకున్నదో, పిల్లాడి కాలేజీ ఫీజుకని ఉంచిందో అయ్యుంటుంది. ఇంట్లో చెబితే తిడతారని చాలామంది చెప్పరు. చెప్పకపోవడమే మోసగాడికి రెండో పెట్టుబడి. మొదట పోయిన వెయ్యిని రాబట్టుకోవాలనే మరో పదివేలు కడతారు.

ఇవి పెరిగిపోవడంతో 2021 ఆగస్టు 4న రిజర్వు బ్యాంకే ఒక ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ, వాటికోసం ఎలాంటి రుసుముగానీ కమీషన్‌గానీ అడగదనీ, తన తరఫున వసూలు చేసే అధికారం ఏ సంస్థకూ, ఏ వ్యక్తికీ ఇవ్వలేదనీ అందులో తేల్చి చెప్పింది. కాబట్టి రిజర్వు బ్యాంకు పేరు వినబడగానే ఫోన్ పెట్టేయొచ్చు. ‘డబ్బు మీ ఖాతాలో పడాలంటే ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అన్నా అంతే. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టేది ఇవ్వడానికే. ‘లండన్ పార్టీ కొంటోంది, విదేశాలకు పంపాలి’ అన్నా నమ్మకూడదు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్ అది. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము మరో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. తెల్లారాక చూద్దాంలే, పెద్దబ్బాయిని అడిగి చేద్దాంలే అనుకుంటే ఖాతాలో మిగిలేది సున్నా.

మరి మూటలో ఉన్నదాని సంగతేమిటి?

ఇదంతా విని, ‘అయితే పాతవన్నీ దండగే’ అని కంసాలి దగ్గర కరిగించేవాళ్ళూ ఉన్నారు. అది ఇంకో నష్టం. విక్టోరియా రాణి, ఎడ్వర్డు, ఐదో జార్జి బొమ్మలున్న కల్దార్ రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో నూటికి 91.7 పాళ్ళు వెండి. అంటే దాదాపు పది గ్రాముల ఏడు వందల మిల్లీల అసలు వెండి. ఆ రోజు వెండి ధరతో హెచ్చవేస్తే కనీస విలువ వచ్చేస్తుంది, అంతకన్నా తక్కువకు ఇవ్వనక్కర్లేదు. యుద్ధకాలంలో, 1940 నుంచి వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే. 1947 నాటి రూపాయిలో వెండే లేదు, అది నికెల్. చార్మినార్ రూపాయి వెండిదే, అయితే కల్దార్ కన్నా వెండి పాలు తక్కువ. చివరి ఏళ్ళలో ఇంకా తగ్గించారు. కొక్కెం అతికించి మెడలో వేసుకున్న నాణేలకు సేకరించేవాళ్ళు ఎక్కువ ఇవ్వరు, అవి వెండి లెక్కన పోతాయి.

సంవత్సరాన్ని బట్టి, టంకశాలను బట్టి కొన్నిటికి వెండి విలువ కన్నా ఎక్కువ వస్తుంది. ఆరో జార్జి రూపాయల్లో 1939 నాటిది నిజంగానే అరుదు. అందుకే దానికి నకిలీలూ ఎక్కువే. అలాంటిది ఉందనిపిస్తే ఒక్కరికి కాక ఇద్దరు ముగ్గురు నాణేల వ్యాపారులకు చేతికిచ్చి చూపించాలి. హైదరాబాద్‌లో వాళ్ళకు కొదవలేదు. ఏది అసలో, ఏది ఎలా ఉంటుందో చూడాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి ఎంతో పెద్ద నాణేల సేకరణ ఉంది. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో కుండ బయటపడితే మాత్రం సంగతి వేరు. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాల్సిందే. దాని ఫొటో ఫోన్‌లో పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

అన్నట్టు, నాణేలను చూపించడానికి తీసుకెళ్ళే ముందు చాలా ఇళ్ళలో చేసే పని ఒకటుంది. పండక్కి ఇత్తడి సామాను తోమినట్టు చింతపండు, ముగ్గు పెట్టి తళతళలాడేలా తోమేస్తారు. సేకరించేవాడు చూసేది ఆ పాత నలుపునే. తోమిన నాణెం ఎంత మెరిస్తే అంత తక్కువ ఇస్తాడు. మట్టి అంటుకుని ఉంటే మామూలు నీళ్ళలో ముంచి, మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.